మా కుక్క మీద నేను చెప్పిన మాట

మా ఆయనకు ఈల వేయడం బాగా వచ్చు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకొని వేస్తే కాలవ అవతల రొయ్యల గుంటల్లో పని చేసేవాళ్ళు కూడా తల తిప్పి చూసేవాళ్ళు. పొట్టి ఈల ఒకటి వేస్తే మా కుక్క మందను చుట్టి వచ్చేది. రెండు వేస్తే ఉన్నచోటే కూర్చునేది. సాగదీసి ఒకటి వేస్తే ఇంక ఇంటికని దానికి తెలుసు. చెదిరిన జీవాలన్నిటినీ ఒక్కచోటికి చేర్చి, గట్టు మీదికి ఎక్కించి, దొడ్డి దాకా తోలుకొచ్చేది. ఇదంతా దానికి ఎట్లా నేర్పించావని ఎవరైనా అడిగితే, "నేనేం నేర్పలా. అదీ నేనూ తిరగతా తిరగతా నేర్చుకున్నాం" అనేవాడు.

మాది కోవూరుకు తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. ఎకరన్నర పొలం. ఒక్క పంట వరి పండుతుంది. ఎండాకాలం వస్తే బోరు నీళ్ళు ఉప్పగా మారిపోతాయి, ఆ నీళ్ళతో రెండో పంట పెట్టలేం. అందుకని మాకు పొలం కంటే గొర్రెలే ఆధారం. ఆ ఏడు దొడ్లో ముప్పై ఎనిమిది ఉండేవి. తెల్లటి ఒళ్ళు, నల్లటి మూతి, పొడుగు కాళ్ళు. మా వైపు గొర్రెలన్నీ అట్లాగే ఉంటాయి.

కుక్కను కొన్నది కాదు. సరివి తోపులో కట్టె కొట్టడానికి వచ్చినవాళ్ళు పని అయిపోయి లారీ ఎక్కి వెళ్ళిపోతే, వాళ్ళు గుడిసెలు వేసుకున్నచోట మిగిలిపోయిన పిల్ల. ఎర్రటి ఒళ్ళు, ఒక చెవి నిలబడి ఒకటి వాలి ఉండేది. మా ఆయన దాన్ని తువ్వాలులో వేసుకొని తెచ్చి, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలను కప్పిపెట్టే పెద్ద గంప కింద వాటితోపాటే వదిలాడు. అది గొర్రెపిల్లల మధ్య పడుకొని, వాటి వెచ్చదనంలోనే పెరిగింది. పెద్దయ్యాక కూడా ఒక్క గొర్రెను కరిచింది లేదు. పేరు పెట్టలేదు. "ఒరేయ్" అంటే వచ్చేది. ఆయన పిలిస్తేనే వచ్చేది. పొద్దునా సాయంత్రం దానికి అన్నం కలిపి పెట్టేది నేనే అయినా, తిని ఆయన దగ్గరికే పోయేది. అది నా కుక్క అని నేను ఎప్పుడూ అనుకోలేదు.

అది మే నెల. కోతలు అయిపోయి మళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయి. బక్రీదుకు పొట్టేళ్ళు చూసుకోవడానికి నెల్లూరు నుంచి సాయిబు వచ్చాడు. పదిహేనేళ్ళుగా మా దగ్గర కొనే మనిషి. ఆయన నన్ను అక్కా అనేవాడు, నేను ఆయన్ను అన్నా అనేదాన్ని. వయసులో ఎవరు పెద్దో మా ఇద్దరికీ తెలియదు. మంచి మనిషి, పొట్టేలును పట్టుకొని నడుము తడిమి చూసేటప్పుడు కూడా దాన్ని బెదరనిచ్చేవాడు కాదు. పంచలో మంచం వాల్చి కూర్చోబెట్టాను. మంద వచ్చే వేళ అయింది, మా ఆయన కూడా వస్తాడులే అని టీ పెట్టాను.

ఐదు గంటలప్పుడు జీవాలు వచ్చాయి. వెనక కుక్క. మా ఆయన లేడు. అందులో నాకు వింత ఏమీ కనపడలేదు. పాలు తాగే పిల్లలు దొడ్లో ఉంటే, వాటికి సుబాబుల్ కొమ్మలు కొట్టి మోపు కట్టుకొని రోజూ వెనకగానే వచ్చేవాడు. ఒక్కోసారి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. గొర్రెలను లోపలికి తోలి తడిక వేశాను. సాయిబు తడిక మీదుగా వంగి పొట్టేళ్ళను చూస్తున్నాడు.

కుక్క దొడ్డి దగ్గర పడుకోలేదు. రోజూ అయితే మంద లోపలికి పోగానే నీళ్ళతొట్టి పక్కన చల్లటి మట్టిలో పడుకుంటుంది. ఆ రోజు నా ముందుకు వచ్చి నిలబడింది. తర్వాత దారి మీదికి పరుగెత్తింది. మలుపు దాకా పోయి వెనక్కి తిరిగి చూసింది. మళ్ళీ వచ్చింది. నేను టీ గ్లాసులు కడుగుతున్నాను. దానికి ఆకలేమో అనుకొని, "ఉండు, పెడతా" అన్నాను. రెండోసారి వచ్చి నా చీర అంచు నోటితో పట్టుకొని లాగింది. ముందెప్పుడూ అట్లా చేయలేదు. దాని మూతికి బురద, నా చీరంతా అంటింది. ఇంటికి వచ్చిన మనిషి ముందు నాకు సిగ్గేసింది. తడిక పక్కన ఉన్న కర్ర తీసుకొని అదిలించాను.

"అక్కా, ఆ కుక్కేందో దారి కల్లా పోతా వస్తా ఉంది" అన్నాడు సాయిబు.

"దానికి ఆకలన్నా. ఇంకా అన్నం పెట్టలా" అన్నాను.

మూడోసారి వచ్చినప్పుడు కొట్టాను. వెనక కాలి మీద తగిలింది. అది అరవలేదు. కుంటుకుంటూ పోయి, దారి మొదట్లో నా వైపు మొహం పెట్టి కూర్చుంది. సాయిబు టీ తాగి, ఇంకాసేపు చూసి, పొద్దు పోతోందని, రెండు రోజుల్లో మళ్ళీ వస్తానని చెప్పి మోటారు సైకిలు మీద వెళ్ళిపోయాడు. నేను పొయ్యి మీద అన్నం పెట్టాను. అన్నం ఉడికాక, ఇంతసేపు ఎక్కడ ఆగిపోయాడని తిట్టుకుంటూ దారి పట్టాను. నేను కాలు బయట పెట్టగానే కుక్క లేచి ముందు నడిచింది. కుంటుతూనే పరుగెత్తింది.

మురుగు కాలవ తూము దగ్గర, కొట్టిన కొమ్మల మోపు పక్కన, ఆయన వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు ఒక పక్కకు పోయింది. నన్ను చూసి ఏదో అన్నాడు, మాట రాలేదు. నేను కేకలు వేస్తే రొయ్యల గుంటల దగ్గర నుంచి నలుగురు పరుగెత్తుకొచ్చారు. ఆటోలో నెల్లూరుకు తీసుకుపోయాం.

అక్కడ డాక్టరు అడిగిన మొదటి మాట, "ఎప్పుడు పడిపోయినాడమ్మా?" అని.

"తెలీదు సార్. సాయంత్రం" అన్నాను.

మెదడులో రక్తం గడ్డ కట్టింది, కుడి వైపంతా పడిపోయింది, మాట కూడా పోయింది అని చెప్పాడు. కాసేపటికి, త్వరగా తెచ్చి ఉంటే వేయడానికి ఒక ఇంజక్షన్ ఉంటుంది, ఇప్పుడు ఆ సమయం దాటిపోయింది అన్నాడు. తప్పు పట్టినట్టు అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఆయన మూడు గంటలకు పడ్డాడో నాలుగున్నరకు పడ్డాడో ఎవరికీ తెలియదు. నేను పోగొట్టిన గంట ఆయన్ను నిలబెట్టి ఉండేదో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు. ఇక తెలిసే దారి కూడా లేదు.

మర్నాడు చుట్టాలు వచ్చారు. తడ దగ్గర కంపెనీలో పని చేసే మా కూతురు హాస్టలు నుంచి బస్సెక్కి వచ్చింది. ఆసుపత్రి వరండాలో అందరూ నన్ను చుట్టుకొని ఎట్లా జరిగిందని అడిగారు. మా బావగారు, అంటే మా ఆయన అన్న, "వెంట కుక్క ఉండింది కదా? అదేం చేసినట్టు?" అన్నాడు.

నేను నేలచూపులు చూస్తూ, "అదేం చేస్తుంది బావా, జీవాలతో పాటు ఇంటికొచ్చి పండుకునింది. నేను ఎతుక్కుంటా బయలుదేరినాకే లేచింది" అన్నాను.

ముందుగా అనుకొని చెప్పిన మాట కాదు. అడగగానే నోట్లో నుంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేదు. బావగారు తల ఊపి, "అన్నం పెట్టిన మనిషిని గట్టు మీద వదిలేసి వచ్చిందా" అన్నాడు. మా కూతురు మొహం పక్కకు తిప్పుకొని ఏడ్చింది. సాయంత్రానికి ఆ మాట ఊళ్ళోకి చేరింది. తర్వాత ఎవరు పలకరించినా కుక్క సంగతి వాళ్ళే ఎత్తేవాళ్ళు, నేను ఊ కొట్టేదాన్ని.

పన్నెండు రోజుల తర్వాత ఆయన్ను ఇంటికి తెచ్చాం. పంచలో మంచం వేశాం. మా ఇంటి దారి మొదట్లోకి ఆటో రాగానే కుక్క గుర్తుపట్టింది. మంచం కింద దూరి పడుకుంది. మా కూతురు చీపురు తీసుకొని తరిమింది. పోయి మళ్ళీ వచ్చింది. మళ్ళీ తరిమింది. నాలుగు రోజులు ఇదే. ఐదో రోజు మా కూతురు, "అమ్మా, దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండతా ఉంది. గుంటల కాడ కాపలాకి కుక్క కావాలంటున్నారు, ఇచ్చేస్తా" అంది.

నేను వద్దనలేదు. ఆ మధ్యాహ్నం గుంటల కాపలాదారు గొలుసు తెచ్చి దాని మెడకు కట్టి తీసుకుపోయాడు. అది ఎదురు తిరగలేదు, రెండు మూడు సార్లు ఆగి వెనక్కి చూసింది, అంతే. మా ఆయన నిద్రలో ఉన్నాడు. నిజం చెప్పాలంటే, గట్టు మీద అది కనపడకుండా పోయాక నాకు గుండె మీది నుంచి బరువు దిగినట్టే అనిపించింది.

మా కూతురు సెలవు అయిపోయి వెళ్ళిపోయింది, ఆదివారాలు వచ్చేది. పొద్దున ఆయనకు స్నానం చేయించి, తినిపించి, పక్కింటామెను కాస్త చూస్తుండమని చెప్పి నేను గొర్రెలు తోలుకొని పోయేదాన్ని. పెళ్ళైనప్పటి నుంచి వాటికి నీళ్ళు పెట్టాను, గజ్జి పట్టినప్పుడు మందు పూశాను గానీ, మేపడం నా పని కాదు. గొర్రె తలవంచుకొని మేస్తూ పోతూనే ఉంటుంది. ముందుది ఎటు పోతే మిగిలినవీ అటే. ఉప్పు తగలని బోరు ఉన్న ఒకరి చేలో వేసవి వరి పచ్చగా ఉంటే అందులోకి దిగేవి. ఈ చివర అదిలిస్తే ఆ చివర దిగేవి. నేను అటూ ఇటూ పరుగెత్తేదాన్ని. మోకాళ్ళు పట్టేసేవి. చేనుగలవాళ్ళు గట్టు మీద నిలబడి చూసేవాళ్ళు. మొదట్లో జాలిపడి ఊరుకున్నా, తర్వాత, "అక్కా, చేతగాకపోతే అమ్ముకో, మా నోటికాడ కూడు తొక్కించొద్దు" అన్నారు. వాళ్ళ తప్పేం లేదు.

ఆగస్టులో ఒక రోజు రెండు నెలల పిల్ల ఒకటి మురుగు కాలవలో దిగబడింది. మిగిలిన మంద చేలోకి పోతుంటే దాన్ని ఆపడానికి పోయాను. వచ్చేసరికి పిల్ల మూతి దాకా బురదలో మునిగి చనిపోయి ఉంది. దాన్ని తీసి గట్టు మీద పడుకోబెట్టాను. తల్లి దాని చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. కుక్క ఉండి ఉంటే రెండింటిలో ఒక పని అది చేసేదే కదా అని ఆ రోజు మొదటిసారి అనుకున్నాను.

ఇంట్లో ఇంకో బాధ. మా ఆయనకు మనసు బాగానే ఉంది, నోటికే మాట రాదు. "అ" అనే ఒక్క శబ్దం వచ్చేది. ఎడమ చెయ్యి ఆడేది. సాయంత్రం మంద వచ్చిన చప్పుడు వినగానే తల ఎత్తి దారి కల్లా చూసేవాడు. తర్వాత ఎడమ చేతి వేళ్ళు రెండూ పెదాల దగ్గర పెట్టుకునేవాడు. ఈల రాదు, వంకర నోట్లో నుంచి ఒట్టి గాలి పోయేది. కుక్క ఏది అని అడుగుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

"ఉందిలేయ్యా. దొడ్డి కాడ ఉంది" అనేదాన్ని.

మొదటి వారం నమ్మాడు. ఆ తర్వాత నా మొహం కేసి చూడడం మానేశాడు.

వానలు మొదలయ్యే ముందు సాయిబు వచ్చాడు. మా ఆయన మంచం పక్కన కూర్చొని, ఆయన ఎడమ చెయ్యి పట్టుకొని కాసేపు మాట్లాడాడు. దొడ్డి దగ్గరికి వచ్చాక అటూ ఇటూ చూసి, "కుక్కేది అక్కా?" అన్నాడు.

"గుంటల కాడికి ఇచ్చేసినాం."

"ఎందుకు?"

నేను వంగి నీళ్ళతొట్టిలో చెత్త తీయసాగాను. ఆయన తడిక మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"ఊళ్ళో వేరేగా అనుకుంటా ఉండారు అక్కా. టీ అంగట్లో ఇన్నాను. అది ఆయన్ని వదిలేసి వచ్చిందంట." ఆగి, మెల్లగా అన్నాడు. "ఆ రోజు అది మూడు తూర్లు పిలిచింది. నేనూ ఆ పంచలో మంచం మీదే కూసోనున్నా. నువ్వు పనిలో ఉండావు, నాకేం పని ఉంది? ఖాళీగా కూసోని టీ తాగినా. లేచి నాలుగడుగులు పోయి చూసుంటే సరిపోయేది. నమాజు చేసుకునేటప్పుడల్లా అదే గుర్తుకొస్తా ఉంది."

"నువ్వు ఎవరికీ చెప్పలేదా అన్నా?"

"నీ ఇంటి మాట. నేనెట్టా చెప్తాను" అన్నాడు.

ఆయన వెళ్ళాక మంచం అంచున కూర్చున్నాను. ఇన్ని నెలలూ నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నది ఇంకో మనిషి కూడా మోస్తున్నాడని తెలిసింది. అయినా నాకు తేలిక కాలేదు. ఆయన మోస్తున్నది నిజాన్ని. నేను దాని మీద అబద్ధం కూడా వేసి మోస్తున్నాను.

మర్నాడు జీవాలను దొడ్లోనే ఉంచి, కాస్త మేత వేసి, గుంటల దగ్గరికి నడిచాను. నీళ్ళలో గాలిచక్రాలు తిరిగే చప్పుడు దూరానికే వినపడుతోంది. మేత బస్తాలు పెట్టే షెడ్డు పక్కన, ఇనప గొట్టానికి కట్టేసి ఉంది. బక్కచిక్కిపోయింది. గొలుసు ఒరుసుకొని మెడ చుట్టూ పుండు. నన్ను చూసి లేచి నిలబడింది. ఎగరలేదు, తోక ఊపలేదు. చూస్తూ నిలబడింది, అంతే. కాపలాదారు, "ఇది అరవనే అరవదక్కా, కాపలాకి పనికి రాదు. తీసుకుపో" అని గొలుసు విప్పాడు.

గట్టు వెంట తిరిగి వచ్చాం. అది నాకు నాలుగు బారల ముందు నడిచింది. తూము వచ్చింది. అక్కడ అది ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. నేనే ఆగాను. కొట్టిన కొమ్మల మోపు ఆ రోజు నుంచీ ఎవరూ తీయక అక్కడే ఎండి పుల్లలై ఉంది. కొంత దూరం పోయాక కుక్క వెనక్కి చూసి, నా కోసం నిలబడింది.

ఇంటికి వచ్చి అది తిన్నగా మంచం దగ్గరికి పోయి, తల పట్టె మీద పెట్టింది. మా ఆయన ఎడమ చేత్తో దాని తల, చెవులు, మెడ తడిమాడు. పుండు తగలగానే చెయ్యి ఆగింది. నా కల్లా చూశాడు.

కింద కూర్చొని అంతా చెప్పాను. అది మూడు సార్లు వచ్చి పిలవడం, చీర పట్టి లాగడం, నేను కర్రతో కొట్టడం, అన్నం ఉడికేదాకా కదలకపోవడం. ఆసుపత్రిలో బావగారితో అన్న మాట. దొడ్డి దగ్గర ఉందని రోజూ చెప్పిన మాట. ఏడవకుండా చెప్పాలనుకున్నాను, చెప్పగలిగాను. వింటున్నంతసేపూ ఆయన చెయ్యి కుక్క మీదే ఉంది. చెప్పడం అయ్యాక మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆ రాత్రి నా చేతి ముద్ద తినలేదు. మర్నాడు గిన్నె ఒళ్ళో పెట్టుకొని ఎడమ చేత్తో తానే తిన్నాడు. సగం ఒంటి మీద పడింది. తుడవబోతే నా చెయ్యి తోసేశాడు. మూడు రోజులు అంతే. నాకు కోపం రాలేదు. ఇంకేం చేయగలడు ఆ మనిషి, తిట్టాలన్నా మాట లేదు.

నాలుగో రోజు పొద్దున, నేను వాకిలి ఊడుస్తుంటే "అ" అని పిలిచాడు. ఎడమ చేత్తో ఎండ కల్లా చూపించాడు, దొడ్డి కల్లా చూపించాడు. పొద్దెక్కింది, ఇంకా తోలలేదేం అని. మళ్ళీ నాతో ఆయన ఆడిన మొదటి మాట అదే.

ఆదివారం మా కూతురు వచ్చి కుక్కను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. తనకూ చెప్పాను. పూర్తిగా విన్నాక ఒక్క మాటే అడిగింది.

"మరి దాన్ని నా చేత ఎందుకు పంపించినావు?"

"నువ్వు ఇచ్చేస్తానంటే నాకు తేలికైంది. అది కళ్ళ ముందర లేకుంటే మరిచిపోవచ్చనుకున్నా."

"నాన్నకు తెలుసా?"

"చెప్పినా."

ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్ళిపోయింది. తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. ఫోను చేస్తే నాన్న ఎట్లున్నాడని అడిగి పెట్టేసేది. మూడో వారం వచ్చినప్పుడు చేతిలో వేపనూనె సీసా ఉంది. నన్ను పలకరించకుండా కుక్క దగ్గర కూర్చొని, దాని మెడ పుండుకు దూదితో పూసింది. అది కదలకుండా కూర్చుంది. పూస్తున్నంతసేపూ మా కూతురు కళ్ళనుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తర్వాత లోపలికి వచ్చి, "అన్నం ఉందా అమ్మా?" అంది.

కుక్క వచ్చింది గానీ నాతో పని చేయడం దానికి రాదు. నా కేకలు దానికి అర్థం కావు, నాకు ఈల రాదు. మా పుట్టింట్లో ఆడపిల్లలు ఈల వేస్తే నోటి మీద కొట్టేవాళ్ళు. మా ఆయన మంచంలో ఉండి ఇది గమనించాడు. ఒక రోజు చేతికి అందిన పుల్ల తీసుకొని మంచం పట్టె మీద ఒకసారి కొట్టాడు. కుక్క చెవి లేచింది. చెయ్యి గుండ్రంగా తిప్పి చూపించాడు. రెండు సార్లు కొట్టి, అరచెయ్యి కిందికి వంచాడు. ఈలల లెక్కే, చప్పుడు మాత్రం వేరు. నేను ఒక పాత పౌడరు డబ్బా, పుల్ల తీసుకొని కొంగున కట్టుకున్నాను. మొదటి వారమంతా అది నా కల్లా, డబ్బా కల్లా చూసి అయోమయంగా నిలబడేది. సాయంత్రం ఇంటికి వచ్చి ఎట్లా జరిగిందో నేను చెబితే, ఆయన పుల్లతో కొట్టి, కుక్కను అటూ ఇటూ పంపి, మళ్ళీ మళ్ళీ చేయించేవాడు. ఆ పనిలో ఉన్నప్పుడు ఆయన మొహంలో పాత మనిషి కనపడేవాడు. నెల రోజులకు అది ఒక్క దెబ్బకు మందను చుట్టి రావడం నేర్చుకుంది. పొలాలవాళ్ళు ఆ తర్వాత నన్ను ఏమీ అనలేదు.

కుక్క తిరిగి వచ్చాక ఆయన పద్నాలుగు నెలలు ఉన్నాడు. చివరి వేసవిలో కుర్చీలో కూర్చోబెట్టి గట్టు దాకా తీసుకుపోయేవాళ్ళం. తర్వాత జ్వరం పట్టుకుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. కార్తీకంలో, బయట సన్నగా వాన పడుతున్న ఒక పొద్దున, నేను మొహం తుడుస్తుండగానే పోయాడు. నన్ను క్షమించాడో లేదో నాకు చెప్పలేదు. నేను అడగలేదు. ఆయన చెయ్యి మాత్రం చివరి నెలల్లో నా చెయ్యి తోసేయలేదు.

పెద్దకర్మ రోజు చుట్టాలంతా భోజనాలు చేసి పంచలో కూర్చున్నారు. కుక్క వాకిట్లో పడుకొని ఉంది. బావగారు దాన్ని చూసి, పక్కనున్నవాళ్ళతో, "ఇదే ఆ కుక్క. వాడు పడిపోతే వదిలేసి ఇంటికొచ్చి పండుకున్నది. ఈమె మళ్ళీ తెచ్చి మేపతా ఉంది" అన్నాడు. చెడ్డ మనసుతో అన్న మాట కాదు. తమ్ముడు పోయిన దుఃఖంలో ఎవరినో ఒకరిని అనాలి.

నేను విస్తళ్ళు తీస్తున్నాను. కింద పెట్టి నిలబడ్డాను.

"బావా, అది నేను చెప్పిన అబద్ధం" అన్నాను. "జీవాలను ఇంటికి చేర్చి అది నన్ను పిలిచింది. మూడు తూర్లు పిలిచింది. నేను పోలేదు. దాన్ని కొట్టినాను. ఆసుపత్రిలో మీరు అడిగితే నా తప్పు దాని మీద పెట్టినాను."

బావగారు నా కల్లా చూసి, చూపు దించుకున్నాడు. మా కూతురు లోపలి నుంచి వచ్చి నా పక్కన నిలబడింది. కాసేపటికి మా అత్తగారి చెల్లెలు, చెవులు సరిగా వినపడని ముసలామె, "ఏమంటా ఉంది?" అని పక్కవాళ్ళను అడిగింది. వాళ్ళు చెప్పారు. ఆమె కుక్క కల్లా చూసి, "పాపం, దానికి నోరుంటే ఎప్పుడో చెప్పేసుండేది" అంది. తర్వాత ఎవరి పనుల్లోకి వాళ్ళు లేచారు. బావగారు ఆ సంవత్సరమంతా మా గడప తొక్కలేదు. మరుసటి ఏడాది, తమ్ముడి తద్దినానికి వచ్చాడు.

సగం జీవాలను అమ్మేశాను. ఇప్పుడు పంతొమ్మిది ఉన్నాయి. నేనూ కుక్కా మేపుకోగలిగినన్ని. సాయిబు ఏడాదికి రెండుసార్లు వస్తాడు. ఆ సాయంత్రం గురించి మేం మళ్ళీ మాట్లాడుకోలేదు. మా కూతురు నాయుడుపేటలో ఇల్లు అద్దెకు తీసుకుంది, నన్ను వచ్చేయమంటుంది. ఇవి ఉన్నన్నాళ్ళు రానని చెప్పాను.

పోయిన నెలలో, కోతలైన మడిలో ఒక గొర్రె ఈనడానికి మొదలుపెట్టింది. మొదటి ఈత. పిల్ల అడ్డం తిరిగింది. ఇంతకుముందు ఇట్లాంటివన్నీ ఆయనే చూసుకునేవాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. డబ్బా రెండుసార్లు కొట్టాను. కుక్క మిగిలిన మందకు అడ్డంగా పోయి కూర్చుంది, ఒక్కటి కూడా మా దగ్గరికి రాలేదు. చేతులు కడుక్కొని, లోపల పిల్ల ముందరి కాళ్ళు వెతికి పట్టుకొని, గొర్రె నొప్పి పడినప్పుడల్లా మెల్లగా లాగాను. చాలాసేపు పట్టింది. పిల్ల బయట పడ్డాక ఊపిరి తీయలేదు. ముక్కులోంచి జిగురు తీసి, గడ్డితో ఒళ్ళంతా రుద్దాను. తుమ్మినట్టు తల కదిలించింది. తర్వాత ఊపిరి అందుకుంది. తల్లి వాసన చూసి నాకడం మొదలుపెట్టింది.

పిల్లను ఎత్తుకొని ఇంటిదారి పట్టాను. తల్లి నా మోచేతి కింద నడుస్తోంది, వెనక కుక్క మిగిలినవాటిని తోలుకొస్తోంది. పిల్ల తడిసి బరువుగా ఉంది. మధ్యలో రెండుసార్లు కింద దించి, చేతులు మార్చుకున్నాను.